వట్టి బండ్ల శకునం

ఒక రాజ్యంలో ఒకే ఒక్క బావి ఉండేది. ఆ బావికి నీళ్ళు తోడే ఒకే ఒక్క తోలు మోట. ఆ మోట లాగడానికి ఒకే ఒక్క మనిషి. ఎద్దులు లేవు, వంతు మార్చుకోవడానికి ఇంకొకడు లేడు. రాజుగారు పుట్టిన రోజునే అతను మోకు తాడు పట్టుకున్నాడట. అప్పటినుంచి వదల్లేదు. పండగకు సెలవు లేదు, జ్వరానికి సెలవు లేదు, కనీసం వాన పడినప్పుడైనా లేదు.

మోట నీళ్ళలో మునిగినప్పుడు 'గుబ్' అనేది. పైకొచ్చి తొట్టిలో కుమ్మరించినప్పుడు 'దబ్' అనేది. గుబ్-దబ్, గుబ్-దబ్. ఆ చప్పుడు రాజ్యమంతా వినిపించేది. ఎప్పుడూ ఉండే చప్పుడు కాబట్టి ఎవరూ వినేవాళ్ళు కాదు. రాజుగారు మాత్రం ఎప్పుడైనా చెవిన పడితే, తన గౌరవార్థం ఎక్కడో నగారా వాయిస్తున్నారనుకునేవారు. రాజులకు అలా తోచడం మామూలే.

తొట్టిలోంచి నీళ్ళు పెద్దకాలువలోకి, పెద్దకాలువలోంచి పిల్లకాలువల్లోకి, అక్కణ్ణుంచి వెంట్రుకంత సన్నటి పాయల్లోకి వెళ్ళేవి. కోటలో నీళ్ళు ఎగజిమ్మే జలయంత్రం మొదలుకుని రాజ్యం చిట్టచివర పల్లంలో ఉన్న అడుగులపేట దాకా అందరికీ అవే నీళ్ళు.

ఇక ఇళ్ళ సంగతి. ఆ రాజ్యంలో ప్రతి ఇంటి గోడా గచ్చుతో కట్టిందే. కోటకు కుడిపక్కన, కాస్త కిందుగా ఒక బట్టీ ఉండేది. దాన్ని నడిపే ఆవిడను అందరూ బట్టీ అమ్మ అనేవాళ్ళు. సున్నమూ ఇసకా మాత్రమే అయితే గచ్చు పగుళ్ళిస్తుంది. అందుకని రాజుగారి వంటశాలలో మిగిలిన నెయ్యి, వేపుళ్ళ నూనె, మాంసం కొవ్వు, గుడ్డు సొన ఆమెకు పంపేవాళ్ళు. అవి కలిపి రుబ్బితే గచ్చు మైనంలా సాగేది, ఆరితే రాయి అయ్యేది. రాజుగారి వంటశాల నుంచి వచ్చినదాన్ని కాదనకూడదని చట్టం. ఎంత వస్తే అంత గచ్చు చెయ్యాల్సిందే.

చేసిన గచ్చును నిండు బండ్లు మోసుకెళ్ళేవి. కాలువ గట్లే వాటికి దారి. బండివాళ్ళు మంచివాళ్ళే. అడిగినవాళ్ళకు అడిగినంత ఇచ్చేవాళ్ళు. కానీ వాళ్ళకో పట్టింపు ఉంది. బయటికి తెచ్చిన గచ్చు వెనక్కి పోతే కొంప కూలుతుందని నమ్మకం. అందుకని మిగిలిన ముద్దను అక్కడే గట్టు మీద పడేసి చేతులు దులుపుకుని వచ్చేసేవాళ్ళు. ఆ ముద్ద మెల్లగా కాలువలోకి జారి, గోడకు అంటుకుని, అక్కడే ఆరిపోయేది.

అలా పడేసినదాన్ని ఎత్తుకు రావడానికి వేరే బండ్లు ఉండేవి. వాటిని వట్టి బండ్లనేవాళ్ళు. చిన్న బండ్లు, బక్క ఎద్దులు, తోలేవాళ్ళ చేతిలో ఒక్కో పార. పొద్దున ఖాళీగా బయల్దేరి, గట్లన్నీ గోకి, మిగులంతా వేసుకుని తిరిగి బట్టీకి తెచ్చి పోసేవాళ్ళు. చూడ్డానికి అంత శోభగా ఉండేవి కావు. పనిచేసే బండ్లు శోభగా ఉండవు.

ఆ వట్టి బండ్ల ఎద్దులకు ఒక మొండితనం ఉంది. రాజు ముందు నడిస్తేనే కదిలేవి. అందుకని రాజుగారి తాతగారు ఒక ఆచారం పెట్టారు. రోజూ తెల్లవారగానే రాజు కోట వాకిలి నుంచి బావి దాకా కాలినడకన వెళ్ళాలి, వెనక వట్టి బండ్లు బయల్దేరాలి. ఎందుకో తాతగారికి తెలుసు. తండ్రిగారికి సగం తెలుసు. మన రాజుగారి దగ్గరకు వచ్చేసరికి ఆచారం మిగిలింది, కారణం పోయింది.

కోటలో రుచుల మంత్రి అని ఒకాయన ఉండేవాడు. రాజుగారి భోజనంలో విషం ఉందేమో ముందుగా తిని చూడ్డం ఆయన ఉద్యోగం. మూడు తరాలుగా ఎవరూ విషం పెట్టలేదు. అయినా ఆయన జాగ్రత్త మానలేదు. ప్రతి వంటకాన్నీ మూడుసార్లు పరీక్షించేవాడు. అనుమానం తీరకపోతే ఇంకోసారి వడ్డించుకునేవాడు.

ఒకరోజు పొద్దున్నే రాజుగారు నడుస్తుండగా కాలి బొటనవేలికి రాయి తగిలింది. గోరు కాస్త లేచింది. "అబ్బా!" అని వెనక్కి తిరిగితే, వరసగా పదహారు వట్టి బండ్లు కనిపించాయి.

"చూశారా ప్రభూ!" అన్నాడు రుచుల మంత్రి. "ఖాళీ బిందె ఎదురైతేనే వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని గానీ బయల్దేరం. తమరేమో రోజూ పదహారు ఖాళీ బండ్లను వెంటేసుకుని తిరుగుతున్నారు. గోరు లేవక ఏమవుతుంది?"

"మా తాతగారు పెట్టిన ఆచారం కదయ్యా?"

"తాతగారి కాలంలో రాళ్ళు మెత్తగా ఉండేవి ప్రభూ."

ఈ మాటకు అర్థం ఏమిటో రాజుగారికి తెలియలేదు. కానీ ఎండెక్కుతోంది. వంటశాల వైపు నుంచి నేతి పెసరట్టు వాసన వస్తోంది. అలాంటప్పుడు అర్థం కాని మాట కూడా సబబుగానే ఉంటుంది.

ఆ సాయంత్రమే దండోరా వేశారు. వట్టి బండ్లు అపశకునం గనక ఇకమీదట అవి వీధిలోకి రాకూడదు. రాజుగారి పాదం విలువైనది గనక ఇకమీదట నేల మీద మోపకూడదు. పల్లకీ ఉంది, బోయీలు ఉన్నారు, నడకెందుకు?

వట్టి బండ్లను తీసుకెళ్ళి ఒక పాకలో పెట్టారు. ఎద్దులు కొన్నాళ్ళు చెవులు రిక్కించి ఎదురుచూసి, తర్వాత పడుకున్నాయి. బండ్లలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఆ గుడ్లను వంటశాలకు తెప్పించి, చూశారా, అపశకునం పోగానే అభివృద్ధి మొదలైందన్నాడు రుచుల మంత్రి.

అభివృద్ధి అంటే అలా ఇలా కాదు. వంటశాలలో రెండు పొయ్యిలు నాలుగయ్యాయి. పొద్దున పెసరట్టు, పదింటికి గారెలు, మధ్యాహ్నం వేటమాంసం, నాలుగింటికి జంతికలు, ఆ తర్వాత రాత్రి భోజనం దాకా నోరు ఊరికే ఉండకుండా జీడిపప్పు. మిగిలినదంతా బట్టీకి వెళ్ళింది. బట్టీలోంచి గచ్చు వచ్చింది. నిండు బండ్లు పెరిగాయి. రాజ్యంలో ఇళ్ళు మాత్రం ఉన్నన్నే ఉన్నాయి. కట్టాల్సిన గోడలు ఎప్పుడో కట్టేసి ఉన్నాయి. అందుకని తెచ్చిన గచ్చులో ముప్పావు వంతు గట్టు మీదే పడింది, గట్టు మీదనుంచి కాలువలోకి జారింది.

కాలువ గోడలు పసుప్పచ్చగా, నున్నగా మెరవడం మొదలెట్టాయి. రాజుగారు కాలువలకు కూడా గచ్చు చేయిస్తున్నారని జనం మెచ్చుకున్నారు. ఇంకో వింత కూడా జరిగింది. కోటలోని జలయంత్రం అంతకు ముందు మనిషి ఎత్తున ఎగిరేది. ఆ ఏడు ఏనుగు ఎత్తు ఎగిరింది. మరుసటేడు మేడ ఎత్తు ఎగిరింది. రాజుగారు చప్పట్లు కొట్టి, తన పాలనలో గంగమ్మ కూడా నాట్యం చేస్తోందని మురిసిపోయారు.

బావి దగ్గర మోటవాడు ఏం మురిసిపోలేదు. ఇదివరకు ఒక్క ఊపుతో వెళ్ళిపోయే నీళ్ళు ఇప్పుడు తొట్టిలోంచి కదలడం లేదు. నీళ్ళు దిగాలంటే వెనకనుంచి ఇంకా బలంగా తొయ్యాలి, ఇంకా బలంగా కుమ్మరించాలి. అతని భుజాలు లావెక్కాయి. అది బలం కాదు, వాపు. మూడు పాయల మోకులో ఒక పాయ పురి విడిపోయింది. అతను చెబుదామంటే వినేవాళ్ళు లేరు. చప్పుడు వినిపిస్తోంది కదా, బాగానే ఉన్నాడనుకున్నారు.

ఏడాదికోసారి కాలువలు కొలిచే ముసలమ్మ ఒకామె వచ్చేది. రాజుగారి తాతగారి కాలువలు కూడా ఆమే కొలిచింది. ఆమెది ఒకటే షరతు. కొలిచే రోజుకు ముందు రాత్రి నుంచి కోటలో పొయ్యి వెలగకూడదు. పొయ్యి వెలిగితే కాలువలో నీళ్ళు మడ్డిగా ఉంటాయి, లెక్క తేలదు అనేది. ఆ రాత్రి రుచుల మంత్రి పడే బాధ పగవాడికి కూడా వద్దు.

ముసలమ్మ వస్తోందని తెలిసి రాజుగారు మూడు రోజుల ముందు నుంచే జావ తాగడం మొదలెట్టారు. తోటలో రెండుసార్లు అటూ ఇటూ నడిచారు కూడా. ఏడాదంతా ఏం చేసినా ఆ మూడు రోజులూ బుద్ధిగా ఉంటే చాలని రాజుగారి నమ్మకం.

ముసలమ్మ వచ్చింది. పెద్దకాలువలోంచి గరిటెడు నీళ్ళు తీసి ఎండకు పట్టి చూసింది. గట్టు మీద కూర్చుని కాలువలో చెయ్యి పెట్టి చూసింది. తర్వాత కొలువులోకి వచ్చి, నేల మీద చతికిలబడి కూర్చుంది.

"జావ తాగావు గందా, మూడు రోజుల్నుంచి?" అంది.

రాజుగారు తెల్లబోయారు. "నీకెలా తెలుసు?"

"నీళ్ళు చెబుతయ్యి నాయనా. మూడు రోజుల ముచ్చట పైన తేలుద్ది. మూడేళ్ళ ముచ్చట అడుగున ఉంటది. నిండు బండ్లు వందుంటే సరిపోయే చోట నూట తొంభై తిరగతన్నయ్యి. వట్టి బండి ఒక్కటీ కనపళ్ళా. మీ తాత కాలువలో నా చెయ్యి మోచేతి దాకా దిగేది. ఇయ్యాల మణికట్టు కాడ ఆగిపోయింది."

"నీ చెయ్యి లావెక్కి ఉంటుందిలే అవ్వా," అన్నాడు రుచుల మంత్రి.

ముసలమ్మ చెయ్యెత్తి చూపించింది. ఎండిన మునక్కాడలా ఉంది. కొలువులో ఎవరో నవ్వబోయి దగ్గారు.

"సరే, దారి కాస్త సన్నబడిందనుకో," అన్నారు రాజుగారు. "నొప్పేదీ? రాజ్యంలో ఒక్కరైనా నొప్పన్నారా?"

"గచ్చు పేరుకునేటప్పుడు నొప్పి ఉండదు నాయనా. అదే దాని టక్కు. అయినా అడుగులపేటోళ్ళు మొత్తుకుంటన్నారుగా, నాలుగడుగులేస్తే పిక్కలు పట్టేస్తన్నయ్యని. వాళ్ళ దాకా నీళ్ళు రావట్లా."

"వాళ్ళెప్పుడూ అంతే, దూరపువాళ్ళు," అన్నాడు మంత్రి. "జలయంత్రం చూశావా అవ్వా? మేడ ఎత్తు ఎగురుతోంది. నీళ్ళు తక్కువైతే అలా ఎగురుతుందా?"

"వసంతాలాడేటప్పుడు చిమ్మనగొట్టం చూళ్ళేదా అయ్యా? కొస ఎంత సన్నంగా ఉంటే నీళ్ళు అంత దూరం పోతయ్యి. అది నీళ్ళు ఎక్కువై కాదు, దారి తక్కువై." ఆమె రాజుగారి వైపు తిరిగింది. "మోటవాణ్ణి చూసొచ్చాను. వాడి మోకులో ఒక పాయ తెగింది. ఇంకా రెండున్నయ్యి. అవీ తెగితే మోట ఆగుద్ది. మోట ఆగితే రాజ్యం లేదు. నువ్వూ లేవు."

కొలువంతా చెవులు మూసుకుంది. నిండు సభలో అంత అశుభం మాట్లాడిన మనిషిని ఏం చెయ్యాలో రాజుగారికి తెలియలేదు. పెద్దది కదా అని ఒక శాలువా కప్పించి, రెండు బూరెలు చేతిలో పెట్టి పంపించేశారు. ముసలమ్మ శాలువా తీసుకుని బూరెలు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. వాటిని ఒక కాకి తిన్నది. ఆ కాకి ఏమైందో మనకు తెలియదు.

తర్వాత నాలుగు నెలలకు రాజుగారి యాభయ్యో పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు వంటశాలలో పొయ్యిలు పన్నెండు. మంత్రి పొద్దుటి నుంచి విషం కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఆకు నిండా తిన్నాక, జలయంత్రాన్ని మేడ మీదనుంచి చూడాలని రాజుగారికి బుద్ధి పుట్టింది. మేడకు ముప్పై మెట్లు. పల్లకీ మెట్లెక్కదు. సరే, ఇవాళ ఒక్కరోజే కదా అని ఎడమచేత్తో ఒక సున్నుండ పట్టుకుని ఎక్కడం మొదలెట్టారు.

పదో మెట్టు దగ్గర ఆయాసం వచ్చింది. పదిహేనో మెట్టు దగ్గర చెమట పట్టింది. ఇరవై రెండో మెట్టు మీద కాలు పెట్టినప్పుడు, బావి వైపు నుంచి 'గుబ్' అని వినిపించింది.

'దబ్' వినిపించలేదు.

యాభై ఏళ్ళుగా ఎవరూ వినని ఆ చప్పుడు, లేకపోయేసరికి అందరికీ వినిపించింది. వడ్డిస్తున్నవాళ్ళు గరిటెలు ఆపేశారు. మేడంత ఎత్తున ఎగిరే జలయంత్రం తాడు తెగిన తెరలా కుప్పకూలింది. రాజుగారి ఎడమచెయ్యి భుజం దగ్గర్నుంచి లాగేసింది. సున్నుండ జారి, ఒక్కో మెట్టే దొర్లుకుంటూ కిందికి పోయింది. ఎవరో రుబ్బురోలు తెచ్చి గుండెల మీద పెట్టినట్టయి, రాజుగారు మెట్టు మీద కూలబడ్డారు. రుచుల మంత్రి నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ నోరు తెరుచుకుని కూడా ఖాళీగా ఉండడం అదే మొదటిసారి.

బావి దగ్గర మోటవాడు మోకాళ్ళ మీద పడి ఉన్నాడు. మోకులో రెండో పాయ తెగింది. మిగిలిన ఒక్క పాయ చేతుల్లోంచి జారిపోతోంది. మోట సగం పైకొచ్చి గాల్లో వేలాడుతోంది. అతను ఆ పాయను నడుముకు చుట్టుకుని, మడమలు నేలలో తన్నిపెట్టి, పళ్ళ బిగువున ఒక్క లాగు లాగాడు.

'దబ్.'

ఆలస్యంగా, సన్నగా వినిపించింది. జలయంత్రం మోకాలెత్తు లేచింది. రాజుగారికి ఊపిరి అందింది. రాజ్యం మొత్తం ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, దండోరా వేయిస్తే ఏడ్చిన ఏడుపు కాదు.

భయపడ్డ రాజు బుద్ధిమంతుడవుతాడని ఎవరైనా అంటే నమ్మకండి. ముందు కోపిష్టి అవుతాడు. రాజుగారు మంచం మీదనుంచే ఆజ్ఞ ఇచ్చారు. "ఈ అనర్థానికంతా గచ్చే మూలం! బట్టీ ఆర్పండి. నిండు బండ్లు విరగ్గొట్టండి. ఆ బట్టీదాన్ని పట్టి తెచ్చి చెరలో వెయ్యండి. నా రాజ్యంలో గచ్చు అన్నది కనపడకూడదు!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, అలాగే అయింది. రోజూ పడాల్సిన మెత్తు పడక, రెండో రోజుకు గోడలు పెచ్చులూడాయి. మూడో రోజుకు కోటగోడ బీటలిచ్చింది. నాలుగో రోజు మధ్యాహ్నం రుచుల మంత్రి పప్పన్నం కలుపుకుంటుండగా, పైకప్పు పెళ్ళ ఊడి సరిగ్గా కంచంలో పడింది. ఆయన దాన్ని కూడా కాస్త రుచి చూసి, ఇందులో ఉప్పు లేదని చెప్పి, అప్పుడు లేచి అరిచాడు.

బట్టీ అమ్మను కొలువుకు తెచ్చారు. ముసలమ్మకు కూడా కబురు వెళ్ళింది. ఆమె అప్పుడిచ్చిన శాలువా కప్పుకునే వచ్చింది.

"నీవల్ల నేను చచ్చేవాణ్ణి," అన్నారు రాజుగారు బట్టీ అమ్మతో.

"నావల్ల బతికారు సామీ," అంది బట్టీ అమ్మ. ఆమెకు భయంకన్నా కోపం ఎక్కువగా ఉంది. "ఈ రాజ్యంలో గచ్చు లేని గోడ ఒక్కటి చూపించండి. తమరు పడుకునే గది గోడ నాదే. తమరు తల్లి కడుపులో ఉన్నప్పుడు లేచిన మొదటి గోడ నాదే. పంపింది కాదనకూడదని చట్టం చేసిందెవరు? పన్నెండు పొయ్యిల మిగులు నా నెత్తిన పోస్తే నేనేం చేసేది?"

"అయితే ఇక ఏమీ పంపను. చుక్క నెయ్యి కూడా పంపను."

బట్టీ అమ్మ తల దించుకుంది. "పంపకపోయినా చేస్తాను సామీ. అసలు సగంపైన నేను సొంతంగా చేసేదే. మా అమ్మమ్మ చెయ్యి అట్టాంటిది, మా అమ్మ చెయ్యి అట్టాంటిది. ఒకసారి మొదలెడితే ఆపడం మా వంశంలో ఎవరికీ రాదు."

ముసలమ్మ నవ్వి, కొంగు ముడి విప్పి, శనగగింజంత తెల్లరాయి తీసింది.

"బట్టీ మళ్ళీ ముట్టించి, దీన్ని రోజూ దాని నోట్లో పెట్టమ్మా. మంట కాస్త నెమ్మదిస్తది. ఆరిపోదు. ఆరిపోకూడదు కూడా. వారం పోయాక బాగానే ఉందిగా అని తీసెయ్యబాకు. బాగుండేది ఆ రాయి ఉండబట్టే." తర్వాత రాజుగారి వైపు తిరిగింది. "పొయ్యిలు పన్నెండు నాలుగు చెయ్యి. నాలుగు రెండు చెయ్యి."

"నెయ్యి?" అన్నాడు రుచుల మంత్రి.

"ముద్దకో చుక్క. మూతికి రాసుకునేంత కాదు, నాలిక్కి తెలిసేంత."

"ఇంతేనా?" అన్నారు రాజుగారు. "కాలువలు మళ్ళీ తాతగారి కాలువలు అవుతాయా?"

"కావు నాయనా. రాయైపోయింది రాయే. అబద్ధం చెప్పను. కానీ కొత్తది చేరకపోతే ఆ దారే చాలు, మోటవాడు లాగగలడు. అయితే రోజూ గట్లు గోకి తెచ్చేవాళ్ళు కావాలి. ఆ వట్టి బండ్లేవీ?"

రుచుల మంత్రి పైకప్పు వైపు చూశాడు. అక్కడ చూడాల్సినంత పైకప్పు లేదు.

మర్నాడు తెల్లవారింది. పాకలో బండ్లమీంచి కోళ్ళను దింపారు. పదహారు బండ్లలో ఏడింటికే చక్రాలు తిరుగుతున్నాయి. ఎద్దులు మాత్రం లేవలేదు. అదిలించారు, తోకలు మెలేశారు, బెల్లం చూపించారు. లాభం లేదు. రాజుగారు పల్లకీలో కూర్చుని ముందుకు వెళ్ళి చూశారు. ఎద్దులు పల్లకీ వైపు చూసి మళ్ళీ నెమరు వేసుకున్నాయి.

రాజుగారు పల్లకీ దిగారు. మూడేళ్ళ తర్వాత పాదం వీధిలో నేలకు తగిలింది. రెండు అడుగులు వేశారు. ఒక ఎద్దు చెవి కదిలింది. పది అడుగులు వేశారు. ఎద్దులు లేచి నిలబడ్డాయి.

"ప్రభూ, శకునం!" అంటూ మంత్రి అడ్డం వచ్చాడు. "వట్టి బండ్లు! మళ్ళీ గోరు లేస్తుంది!"

"మళ్ళీ మొలుస్తుంది," అని రాజుగారు ముందుకు సాగారు.

బావి అంత దూరం లేదు. కోట మధ్యనుంచి కాస్త ఎడమకు, అంతే. యాభై ఏళ్ళలో రాజుగారు బావి కనపడగానే వెనక్కి తిరిగినవారే గానీ, బావి గట్టెక్కి మోటవాణ్ణి చూసింది లేదు. దగ్గరికెళ్ళి చూస్తే రాజుగారికి సిగ్గేసింది. ఆ మనిషి పిడికిలి కంటే పెద్దగా ఉండడేమో అన్నంత చిన్నగా ఉన్నాడు. నడుము చుట్టూ మోకు ఒరుసుకుపోయిన గాయం ఉంది. చేతులు ఆడుతూనే ఉన్నాయి. దండం పెట్టడానికి కూడా ఆపలేదు.

"తమరికి దండం పెట్టలేను దొరా, తప్పుగా అనుకోబాకండి," అన్నాడు. "చేతులు ఖాళీ లేవు."

"నీ వయసెంత?" అని అడిగారు రాజుగారు.

"తమరి వయసే. కాదు, కొన్ని నెలలు పెద్దోణ్ణి. తమరు పుట్టక ముందే మోకు పట్టాను, తమరికి తెలియదు."

రాజుగారు ఒక అడుగు ముందుకు వేశారు. "యాభై ఏళ్ళు నిన్ను ఎవరూ పలకరించలేదు. ఏం కావాలో అడుగు. పొలం ఇస్తాను. ఇల్లు కట్టిస్తాను. ఒక్క రోజు, ఒక్క పూట విశ్రాంతి తీసుకో. నీ బదులు వందమందిని పెడతాను."

మోటవాడు నవ్వాడు. "నేను విశ్రాంతి తీసుకున్న రోజు చూడ్డానికి తమరుండరు దొరా. నాకు పొలం వద్దు. రేపు కూడా నడిచి రండి. ఎల్లుండి కూడా. అంతే."

రాజుగారు చాలాసేపు నిలబడి చూశారు. అలా చూస్తుండగానే వట్టి బండ్లు గట్ల వెంట తిరిగి వచ్చాయి. ఏడు బండ్లూ నిండుగా, పసుప్పచ్చటి గచ్చు పెచ్చులతో మూలుగుతూ వచ్చాయి. అది చూసి రుచుల మంత్రి ముఖం విప్పారింది.

"నిండు బండ్లు ఎదురొస్తున్నాయి ప్రభూ! దివ్యమైన శకునం! నేను చెప్పలేదూ?"

రాజుగారు కోట వైపు నడవడం మొదలెట్టారు. బావి దాటారు, వీధి దాటారు, కోట వాకిలి దాకా వచ్చేశారు. అక్కడ ఆగిపోయారు.

గుబ్-దబ్.

బావి వెనక ఉండిపోయింది. కానీ చప్పుడు ఏమాత్రం తగ్గలేదు. ఎంత నడిచినా బావి గట్టు మీద నిలబడి వింటున్నంత దగ్గరగానే ఉంది. రాజుగారు మంత్రి వైపు చూశారు. మంత్రికి ఏమీ వినిపిస్తున్నట్టు లేదు. వంటశాల వైపు ముక్కు పెట్టి పీలుస్తున్నాడు. రాజుగారు మెల్లగా చెయ్యెత్తి తన ఛాతీ మీద, కాస్త ఎడమకు, పెట్టుకున్నారు.

చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

"ప్రభూ, పెసరట్లు చల్లారిపోతాయి," అన్నాడు మంత్రి.

"చల్లారనీ," అన్నారు రాజుగారు. తర్వాత వెనక్కి తిరిగి, తన వెంటే వచ్చి తలొంచుకుని నిలబడ్డ బక్క ఎద్దులతో, వినిపించీ వినిపించనట్టుగా, "పదండి, అడుగులపేట దాకా వెళ్ళొద్దాం," అని మళ్ళీ నడవడం మొదలుపెట్టారు.